పిన్ని గొంతు వినిపిస్తోంది, నాకేమైనా అయిందా డాక్టర్?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నన్ను పెంచిన పిన్ని చనిపోయి నాలుగు నెలలైంది. వంటింట్లో ఉంటే వెనక నుంచి ఆమె పిలిచినట్టే ఉంటుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గొంతులో ఉండ అడ్డుపడ్డట్టు, ఛాతీ బరువుగా ఉంటోంది. రాత్రి ఆమె పంపిన వాయిస్ మెసేజ్‌లు వింటూ పడుకుంటా, మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. ఇంట్లోవాళ్లు ‘పిన్నే కదా, ఇంకెన్నాళ్లు’ అంటున్నారు. పిచ్చి పడుతోందా? మా అత్తగారి నిద్రమాత్రలు వేసుకోవచ్చా?

జవాబు: పిచ్చేం కాదు. పోయినవాళ్ల గొంతు వినిపించడం, పక్కనే ఉన్నట్టనిపించడం చాలామందికి జరిగేదే, బయటికి చెప్పరంతే. 1971లో రీస్ అనే డాక్టర్ వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే దాదాపు సగం మంది ఇలాంటివి తమకూ జరిగాయన్నారు, వాళ్లలో ఎక్కువమంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఆ గొంతు మిమ్మల్ని తిడుతున్నా, ‘నువ్వూ వచ్చెయ్’ అంటున్నా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నా మాత్రం ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి, ఒంటరిగా ఉండొద్దు.

ఇక ‘పిన్నే కదా’ అన్న మాట. నాకు మీ ఉత్తరంలో అసలు జబ్బు ఇదే అనిపించింది! అమ్మ పోతే పలకరించడానికి అందరూ వస్తారు, పిన్ని పోతే ఆమె పిల్లల్ని పలకరించి మిమ్మల్ని దాటుకుని వెళ్లిపోతారు. నలుగురూ లెక్కలోకి తీసుకోని ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే ఆయన 1989లోనే పుస్తకం తెచ్చాడు. ఏడవడానికి కూడా హక్కు లేదన్నట్టుంటే అది లోపలే ఉండిపోతుంది. మిమ్మల్ని పెంచిన మనిషి ఆమె, చుట్టరికం పేరు చూసి దుఃఖం తగ్గదు. ఆమె పిల్లలతో కూర్చుని ఆమె గురించి మాట్లాడండి, వాళ్లూ మీలాగే ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఉండి ఉండొచ్చు.

గొంతులో ఉండ టెన్షన్ వల్ల తరచూ వచ్చేదే. అయినా మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా చూపించుకోండి. ఛాతీ బరువుకి ఎలాగూ ఒకసారి ఈసీజీ తీయించండి, దిగులు వల్లే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. ఒక్కసారిగా నొప్పి, ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఎందుకంటే మనసుకి పెద్ద దెబ్బ తగిలినప్పుడు గుండె కండరం కొన్నాళ్లు బలహీనపడే టకోత్సుబో అనే సమస్య నిజంగానే ఉంది, మీ వయసులో అరుదే అయినా.

అత్తగారి మాత్రలు వద్దు. వాటిలో చాలావరకు అలవాటుపడిపోయేవే, పైగా దుఃఖాన్ని అవేమీ తగ్గించవు. ఎప్పుడు పడుకున్నా పొద్దున లేచే టైమ్ ఒకటే పెట్టుకోండి. మెసేజ్‌లు వినడం మానక్కర్లేదు, పడక మీద కాకుండా సాయంత్రం వినండి.

నాలుగు నెలలకి ఇలా ఉండటాన్ని నేను జబ్బు అనను. ఆరు నెలలు దాటాక కూడా రోజూ ఇదే తీవ్రతతో ఉండి, పనీ తిండీ మనుషులూ ఏదీ పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక శోకం అంటాం (అమెరికా డాక్టర్ల పద్ధతిలో అయితే ఏడాది దాటాలి), దానికి ప్రత్యేకంగా కౌన్సెలింగ్ ఉంది, పనిచేస్తుంది.

అన్నట్టు, ఆ వాయిస్ మెసేజ్‌లు ఇవాళే ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి. మా మేనత్తవి నేను ఫోన్ నీళ్లలో పడేసి పోగొట్టుకున్నా.