డ్యూటీ చార్టు మారితే బీపీ తగ్గుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఆస్పత్రిలో స్టాఫ్ తక్కువ, డ్యూటీలు ఎక్కువ, గట్టిగా అడిగితే ఒత్తిడి తట్టుకోవడం ఎలాగో నేర్పుతామని క్లాసు పెట్టారు. పని పరిస్థితుల వల్ల నిజంగానే ఆరోగ్యం, పనితీరు దెబ్బతింటాయా, లేక లోపం నాలోనే ఉందా?

నేను నర్సుగా చేరి 14 ఏళ్లయింది. అందులో తొమ్మిదేళ్లు ఒకే మెడికల్ వార్డు. అవే మంచాలు, అవే జబ్బులు, జీతంలోనూ పెద్ద తేడా లేదు. మధ్యలో మారింది వార్డు ఇన్‌ఛార్జ్ ఒక్కరే. అందుకే ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూసుకోగలిగాను. ఉద్యోగమే మారితే మనుషులూ పనీ అన్నీ ఒకేసారి మారిపోతాయి, ఏది దేనివల్లో తేల్చుకోలేం.

మొదటి మేడమ్ పని తెలిసిన మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. నరం దొరకని పేషెంటుకు కూడా ఒక్క పోటుతో క్యాన్యులా (మందులెక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టేవారు. కానీ వచ్చే వారం డ్యూటీ చార్టు శనివారం సాయంత్రం గోడకెక్కేది. అప్పటిదాకా సోమవారం పొద్దున డ్యూటీలో ఉంటానో, నైట్ దిగి నిద్రపోతుంటానో నాకే తెలియదు. ఈవెనింగ్ ముగించి రాత్రి పది దాటాక బయటపడి, పొద్దున ఏడుకల్లా మళ్లీ వార్డులో ఉండటం మామూలు. రాత్రిపూట ముప్పై మందికి ఇద్దరం. ఎవరైనా రాకపోతే డ్యూటీ దిగాల్సినవాళ్లే ఆగిపోవాలి. ఉంటారా అని అడగడం ఉండేది కాదు, ఉండమని చెప్పడమే.

రెండో ఏడాదికి నాకు బీపీ మాత్రలు మొదలయ్యాయి. అప్పటికి 32 ఏళ్లు. అది వార్డు వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను, మా ఇంట్లో బీపీ ఉన్నవాళ్లున్నారు. అయితే సెలవు రోజున కూడా రాత్రి మూడింటికి, మందు కొలత ప్రకారం ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంప్ అలారం వినిపించి దిగ్గున లేచి కూర్చునేదాన్ని. అది మాత్రం ఇంటి నుంచి వచ్చింది కాదు. అంతకన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. ఒక పెద్దావిడ నాలుగోసారి మంచినీళ్లు అడిగితే, "ఇక్కడ మీరొక్కరే లేరు" అనేశాను. నీళ్లిచ్చాను, కానీ గ్లాసు టక్కున పెట్టాను. ఆవిడ ఆ తర్వాత నన్ను మళ్లీ ఏమీ అడగలేదు. దీనికి బర్న్‌అవుట్ అని పేరుందని నాకప్పుడు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన స్థితిగా లెక్కకట్టింది: ఒంట్లో సత్తువ పోవడం, పని మీద మనసు విరగడం, చేసే పని మీద నమ్మకం తగ్గడం. నాకు మూడూ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. ఒక డబుల్ డ్యూటీ, తెల్లవారుజామున నాలుగున్నర. క్యాన్యులా పూడుకుపోకుండా ఫ్లష్ చేద్దామని సెలైన్ ఆంప్యూల్ (మందుండే చిన్న బుడ్డి) అనుకొని తీసి, విరిచి, సిరంజిలోకి లాగాను. ఖాళీ ఆంప్యూల్ పడేయబోతూ ఎందుకో లేబుల్ చూశాను. పొటాషియం క్లోరైడ్. బాగా పలచన చేసి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు అది. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు. సిరంజి సింక్‌లో ఖాళీ చేశాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. మంచం మీద పేషెంటు నిద్రపోతున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. అంతకు నెల కిందటే ఒక జూనియర్, యాంటీబయాటిక్ గంట ఆలస్యంగా ఇచ్చానని ఉన్నదున్నట్టు రాసింది. ఆ అమ్మాయికి మెమో ఇచ్చి, హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ అప్పగించే టైములో, అందరి ముందూ నిలబెట్టారు. ఇకపై ఏదీ కాగితం మీద పెట్టకూడదని ఆ రోజే మా అందరికీ అర్థమైంది.

ఆ రాత్రి నేను అజాగ్రత్తగా ఉన్నానా? ఉన్నాను. కానీ లెక్క కూడా చూడండి. పొద్దున ఏడింటికి లేచినదాన్ని ఈవెనింగూ నైటూ కలిపి చేశాను. అర్ధరాత్రికే 17 గంటలు మేలుకున్నట్టు. రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉన్న మనిషి చురుకుదనం ఎంత తగ్గుతుందో, 17 గంటలు నిద్ర లేకపోయినా అంతే తగ్గుతుందని 1997లో ఒక ప్రయోగంలో తేలింది. నాలుగున్నరకి నాది 22వ గంట. తాగి డ్యూటీకి వస్తే గుమ్మంలోనే ఆపేవారు. అలా ఉన్న నన్ను మందుల ట్రే ముందు నిలబెట్టారు.

కొన్నాళ్లకి కొత్త మేడమ్ వచ్చారు. మొదటి మీటింగులో, "నేను ఒకసారి పక్క మంచం పేషెంటు ఇన్సులిన్ చేతిలోకి తీసుకున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటిది జరిగిందా?" అని అడిగారు. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. మెమో తిన్న ఆ జూనియరే ముందు మాట్లాడింది: పొటాషియం, సెలైన్ అనుకొని తీశానని. నా గుండె జారిపోయింది. తర్వాత నేను చెప్పాను. నా తర్వాత ఇంకో సిస్టర్. అదే అర, పక్కపక్కనే ఉండే అవే రెండు పెట్టెలు. ముగ్గురం ఎవరికి వాళ్లం ఇది నా ఒక్కదాని తప్పే అనుకొని లోపలే దాచుకున్నాం. ఆ మధ్యాహ్నమే పొటాషియం వేరే బీరువాలోకి వెళ్లింది, తాళం పడింది, తీయాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి. అంతా కలిపి అరగంట పని.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్సన్ అనే ఆవిడ 1990ల్లో ఆస్పత్రి టీముల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్కలో ఎక్కువ వచ్చాయి. వాళ్లు పొరపాట్లు ఎక్కువ చేయడం కాదు, భయం లేక పైకి చెబుతున్నారు. మా పాత వార్డు రికార్డు చూస్తే మాత్రం పొరపాటన్నదే లేదు, అంత శుభ్రంగా ఉండేది.

కొత్త మేడమ్ చేసినవి పెద్ద పనులేం కాదు. చార్టు నాలుగు వారాల ముందే పెట్టారు. డ్యూటీ మార్చుకోవాలంటే మేమూ మేమూ మాట్లాడుకొని నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటలు. నైట్‌లో ఒకరి తర్వాత ఒకరం ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. పేషెంట్లు తగ్గలేదు, మనుషులు అప్పటికింకా పెరగలేదు. అయినా రెండు నెలల్లో నాకు నిద్ర తిరిగొచ్చింది. ఏడాది తర్వాత డాక్టర్ బీపీ మాత్ర డోసు సగం చేశారు. ఆలోగా కాస్త నడక కూడా మొదలుపెట్టాను, దాని వాటా దానికుంది. కానీ నడవడానికి ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందంటారు?

పని బరువు ఒక్కటే కాదు, ఆ పని మీద మన మాట ఎంత చెల్లుతుందన్నది కూడా ఒంటి మీద పడుతుంది. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనంలో 10,308 మందిని ఏళ్ల తరబడి గమనించారు. పని మీద పట్టు తక్కువగా ఉన్నవాళ్లలో గుండెజబ్బు ఎక్కువ కనిపించింది. గుండెపోటు తెచ్చేది పెద్ద బాసుల టెన్షన్ అని మనం అనుకుంటాం. అక్కడ కింది హోదాల వాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది.

అలాగని చార్టుతో అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను. ముప్పై మందికి ఇద్దరంటే ఇద్దరే. అమెరికాలో లిండా ఐకెన్ బృందం 2002లో సర్జరీ పేషెంట్ల వివరాలు చూస్తే, ఒక్కో నర్సు మీద ఒక్కో పేషెంటు పెరిగేకొద్దీ 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువ ఉంది, నర్సు బర్న్‌అవుట్ అయ్యే అవకాశం 23 శాతం చొప్పున. మా మేడమ్ రోజూ ఏ షిఫ్టులో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది సిస్టర్లు అన్నది ఒక కాగితం మీద రాసి ఎనిమిది నెలలు పైవాళ్ల టేబుల్ మీద పెట్టారు. చివరికి నైట్‌కి ఒక్కరిని ఇచ్చారు. ఆలోగా ఇద్దరు మంచి సిస్టర్లు మానేసి వెళ్లిపోయారు.

ఒత్తిడి క్లాసుకు నేనూ వెళ్లాను. నా వీక్లీ ఆఫ్ రోజున పెట్టారు. "మీకోసం మీరు కొంత సమయం ఉంచుకోండి" అని చెప్పాడాయన, మేమంతా తలూపాం. అక్కడ నేర్పిన ఊపిరి కసరత్తు మాత్రం ఇప్పటికీ చేస్తాను, పేషెంటు తాలూకువాళ్లకి చెడ్డ కబురు చెప్పే ముందు పనికొస్తుంది.

మీకు చెప్పేది: ఛాతీలో బరువు, వారాల తరబడి నిద్ర లేకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ని కలవండి, మిగతావి తర్వాత. లేకపోతే ఒక నెల పాటు చిన్న పుస్తకంలో రాయండి. చార్టు ఏ రోజు పెట్టారు, రెండు డ్యూటీల మధ్య ఎన్ని గంటలు దొరికాయి, ఎంతమంది పేషెంట్లు, బ్రేక్ దొరికిందా లేదా. ఒంటరిగా వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి. ముందు ఖర్చు లేనిదే అడగండి. చార్టు ముందుగా పెట్టడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు కాబట్టి కాదనడానికి వాళ్లకి సాకు దొరకదు. ఆ క్లాసుకు కూడా వెళ్లండి. చివర్లో ప్రశ్నలున్నాయా అని అడిగినప్పుడు, వచ్చే నెల చార్టు ఏ తేదీన పెడతారో అడగండి.