క్రిప్టో మోసం: వినియోగదారుల కమిషన్ కన్నా ముందు 1930

సందేహం: నేను కరీంనగర్‌లో ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయురాలిని. టెలిగ్రామ్‌లో పరిచయమైన వ్యక్తి మాట నమ్మి, ఒక యాప్‌లో క్రిప్టో కరెన్సీ కొనడానికని మూడు వారాల్లో రూ.6.80 లక్షలు వేర్వేరు బ్యాంకు ఖాతాలకు పంపాను. యాప్‌లో ఇప్పుడు రూ.19 లక్షలు కనిపిస్తోంది గానీ, తీసుకోవాలంటే ముందు 30 శాతం పన్ను కట్టాలంటున్నారు. చివరి విడత పంపి ఐదు రోజులైంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చా? క్రిప్టో కొన్నందుకు నాపైనే కేసు పెడతారా?

సమాధానం: ముందుగా, ఇకపై ఒక్క రూపాయి కూడా పంపకండి. క్రిప్టో లాభాలపై 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే, ఆ నిజాన్నే వాళ్లు ఎరగా వాడుతున్నారు. ఆ పన్నును మీ పాన్ మీద మీరే నేరుగా ప్రభుత్వానికి చెల్లించి రిటర్నులో చూపాలి తప్ప, సొమ్ము తీసుకోవడానికి ముందే ఎవరి ఖాతాలోనో జమ చేయమని ఏ చట్టమూ చెప్పదు. యాప్‌లో కనిపించే పందొమ్మిది లక్షలు తెర మీది అంకె మాత్రమే. మనం వెనక్కి రాబట్టాల్సింది మీరు పంపిన 6.80 లక్షలు.

మీపై కేసు పెడతారన్న భయం అక్కర్లేదు. క్రిప్టో మన దేశంలో చట్టబద్ధ చెల్లుబాటు గల కరెన్సీ కాకపోయినా, దాన్ని కొనడం నేరం కాదు. ఆ లావాదేవీలకు బ్యాంకులు సేవలందించరాదంటూ రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన సర్క్యులర్‌ను సైతం సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. ఈ భయం వల్ల, ఇంట్లో తెలుస్తుందన్న సంకోచం వల్ల బాధితులు పోగొట్టుకునే రోజులే మోసగాళ్లకు అసలైన లాభం.

కాబట్టి ఈ జవాబు చదివిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ప్రతి విడతకూ తేదీ, మొత్తం, యూటీఆర్ నంబరు (ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), సొమ్ము చేరిన ఖాతా వివరాలు ఇస్తే, ఆ సొమ్ము ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు మళ్లిందో బ్యాంకులు వెంటాడి, మిగిలి ఉన్నంత మేరకు నిలిపివేస్తాయి. ఐదు రోజుల ఆలస్యం వల్ల అవకాశం తగ్గిందని దాచకుండా చెబుతున్నాను, అయితే అది పూర్తిగా పోయిందని అనుకోనక్కర్లేదు. ఫోన్‌లో ఇచ్చే రసీదు సంఖ్య ఎఫ్‌ఐఆర్ కాదు గనుక సైబర్ క్రైమ్ పోలీసులకు రాతపూర్వకంగానూ ఫిర్యాదు ఇచ్చి, మోసానికి, వేరొకరిలా నటించి చేసే మోసానికి వర్తించే భారతీయ న్యాయ సంహితలోని 318, 319 సెక్షన్లు, ఐటీ చట్టంలోని 66డి కింద కేసు నమోదు చేయమని కోరండి. నేరం జరిగిన చోటు తమ పరిధి కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అయినా నమోదు చేయకపోతే ఎస్పీకి లేదా పోలీసు కమిషనర్‌కు, ఆపైన మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక మీరు అడిగిన వినియోగదారుల కమిషన్ విషయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోనే, రెండేళ్ల లోపు ఫిర్యాదు వేసే వీలుంది. అయితే నోటీసు అందుకోవడానికి అవతల పేరూ చిరునామా ఉన్న సంస్థ ఒకటి ఉండాలి. టెలిగ్రామ్‌లోని మారుపేరుకు కమిషన్ నోటీసు పంపలేదు. పైగా మోసం వంటి నేరారోపణలు, తీవ్ర వివాదాస్పద వాస్తవాలు ఇమిడి ఉన్న ఫిర్యాదులను కమిషన్లు తేల్చలేవని సుప్రీంకోర్టు 2023లో ఒక బ్యాంకు కేసులో తేల్చిచెప్పింది. లాభం కోసం పదేపదే కొని అమ్మినవారు వినియోగదారులే కారన్న అభ్యంతరం కూడా ఎదురవుతుంది. మనదేశంలో నమోదైన క్రిప్టో ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు జరిపే సంస్థ) మీ సొమ్మును అకారణంగా ఆపి ఉంటే, లేదా మీరు సమాచారమిచ్చాక కూడా బ్యాంకు చర్య తీసుకోక జాప్యం చేసి ఉంటే, అప్పుడు అది సేవాలోపం అవుతుంది. అక్కడ కమిషన్ మీకు నిజంగా ఉపయోగపడుతుంది. అలాంటి సంస్థపై ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయడం మంచిదే గానీ, అది రాజీ ప్రయత్నం మాత్రమే, తీర్పు కాదు.

బ్యాంకుల్లో కొంత సొమ్ము నిలిచిందని తెలిస్తే, దాన్ని మీకు అప్పగించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయాలి. అప్పటిదాకా యాప్‌ను, సంభాషణలను తొలగించకండి. స్క్రీన్‌షాట్లతో పాటు ఆ ఫోన్‌నూ భద్రపరచండి, ఎందుకంటే కోర్టులో ఆ ప్రతులు చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, దానికి ఆ ఫోనే ఆధారం.