టెక్ సందేహాలు: నుదుట ఎర్రబొట్టు పిట్టను ఏ యాప్ పట్టిస్తుంది?

ప్రశ్న: మా ఇంటి ఎదురుగా ఉన్న రావిచెట్టు మీదకు రోజూ ఒక చిన్న ఆకుపచ్చ పిట్ట వస్తోంది. నుదుట కుంకుమ బొట్టు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఫోన్‌లో 10ఎక్స్ జూమ్ పెట్టి ఫొటో తీశాను. గూగుల్ లెన్స్‌లో పెడితే ఒకసారి చిలుక అంది, ఇంకోసారి ఎక్కడిదో విదేశీ పక్షిని చూపించింది. అదే ఫొటోను మా అబ్బాయికి వాట్సాప్ చేశాను. వాడు పక్షుల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్‌లో పెడితే ‘ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు’ అని అడుగుతోందట. నా ఫోన్‌లో తేడా ఉందా?
- ఓ గృహిణి, వరంగల్

జవాబు: ఫోన్ బాగానే ఉందమ్మా. మీరు పంపిన ఫొటో కంటే మీరు రాసిన ‘కుంకుమ బొట్టు’ అన్న మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. రావిచెట్టు, ఆకుపచ్చ ఒళ్లు, పిచ్చుక కంటే కాస్త పెద్ద సైజు, నుదుట ఎరుపు... ఇవన్నీ కంసాలి పిట్టకు సరిపోతాయి. ఇంగ్లిష్‌లో కాపర్‌స్మిత్ బార్బెట్ అంటారు. ఈసారి వచ్చినప్పుడు కంటికి పైనా కిందా పసుపు మచ్చలు ఉన్నాయేమో చూడండి. గొంతు కూడా పసుపే. దాని కింద రొమ్ము మీద ఇంకో ఎర్ర పట్టీ, పాలిపోయిన పొట్ట మీద ఆకుపచ్చ చారలు కనిపిస్తే ఇక అనుమానం లేదు. పక్కనే బొట్టు లేని పిట్ట కనిపిస్తే వేరే జాతి అనుకోకండి, పిల్ల పిట్టలకు ఎరుపు ఉండదు.

అరుపు వింటే అసలు ఫొటోతో పనే లేదు. రాగి రేకు మీద చిన్న సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ టుక్ అని ఒకే లయలో, ఊపిరి తీసుకుంటుందా లేదా అన్నట్టు కొడుతూనే ఉంటుంది. మా వీధి చివర గ్రిల్స్ చేసే షాపు ఉంది. చాలా రోజులు ఆ చప్పుడు అక్కడిదే అనుకున్నాను. ఓ ఆదివారం షాపు మూసి ఉన్నా చప్పుడు ఆగలేదు! చెట్టు కింద పది నిమిషాలు మెడ నొప్పి పుట్టేదాకా నిలబడితే గానీ కనబడలేదు. అరిచేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి ఏ కొమ్మ నుంచి వస్తోందో చెవికి అందదు.

ఇక ఫొటో సంగతి. మామూలు ఫోన్లలో 10ఎక్స్ అంటే చాలావరకు డిజిటల్ జూమే. అంటే లెన్స్ దగ్గరకు వెళ్లదు, ఉన్న బొమ్మనే సాగదీసి, మధ్యలో ఖాళీలను సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు నింపుతుంది. ఈకల చారలు నున్నగా అయిపోతాయి, గుర్తుపట్టడానికి కావాల్సినవే అవి. మీ ఫోన్‌లో 2ఎక్స్‌కో 3ఎక్స్‌కో విడిగా లెన్స్ ఉంటే అక్కడే ఆగండి. తర్వాత క్రాప్ చేసుకోండి.

రెండోది వెలుతురు. పిట్ట వెనక ఆకాశం తెల్లగా ఉంటే కెమెరా ఆకాశానికి లెక్క చూసుకుని పిట్టను నల్లగా చేసేస్తుంది. అప్పుడు ఎరుపు కూడా నలుపే. స్క్రీన్ మీద పిట్ట ఉన్నచోట వేలితో నొక్కండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి. పొద్దున్నే, ఎండ మీ వీపు మీద పడేలా నిలబడి తీస్తే ఈ తంటా కూడా ఉండదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. అందులో దాగి ఉండే స్థలం, తేదీ వివరాలు కూడా పోతాయి. మెర్లిన్ అడుగుతున్నవి అవే. ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు ఫైల్ అలాగే వెళ్తుంది. కెమెరా సెటింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. లేదంటే ఊరూ తేదీ చేత్తో కొట్టినా సరిపోతుంది.

ఆ రెండు వివరాల కోసం ఎందుకంత పట్టు అంటారా? గూగుల్ లెన్స్ పోలికలు వెతికి పెడుతుంది, పోలికల్లో బ్రెజిల్ పిట్ట కూడా ఉండొచ్చు. మెర్లిన్‌ను తయారుచేసింది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి అధ్యయన కేంద్రం. 2002లో మొదలైన ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో జనం రాసుకున్న పక్షుల జాబితాలను చూసి, ఆ ఊళ్లో ఆ నెలలో కనిపించే పిట్టల్లోంచే అది పేరు ఏరుతుంది. ఉచితం, ప్రకటనల గోల లేదు. పిట్టల విషయంలో నా ఓటు దానికే. ఫొటో లేకపోయినా సైజు, రంగులు, ఏం చేస్తోంది లాంటి కొన్ని ప్రశ్నలడిగి జాబితా ఇస్తుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ కొబ్బరిచెట్టు మీద రెండు వడ్రంగి పిట్టలు. ఒకదానికి నడినెత్తి నుంచి జుట్టు దాకా ఎరుపు, రెండోదానికి వెనక జుట్టు మాత్రమే ఎరుపు. మెర్లిన్ రెండిటికీ ఒకే పేరు చెబుతోంది. బగ్గా?
- ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: బగ్ కాదు, భార్యాభర్తలు. పూర్తి ఎర్ర టోపీ మగదానిది. ఆడదానికి నెత్తి ముందుభాగం నల్లగా ఉండి తెల్ల చుక్కలుంటాయి. వీపు బంగారు పసుపులో ఉంటే అది బ్లాక్-రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్, మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది అదే. మెర్లిన్‌లో పేరు రాగానే మొదటి ఫొటో చూసి యాప్ మూసేయకండి. పక్కకు జరిపితే ఆడ, మగ, పిల్ల పిట్టల ఫొటోలు విడివిడిగా వస్తాయి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. పెరట్లో గింజలు పెడితే తల ఎర్రగా ఉన్న పిట్ట వస్తోంది. మెర్లిన్ యాప్ ‘రెడ్-బెల్లీడ్ వుడ్‌పెకర్’ అంటోంది. పొట్ట చూస్తే ఎర్రగా లేదు! పైగా సెలవుల్లో గుంటూరు వెళ్తే అదే యాప్ అక్కడి పిట్టల్లో ఒక్కటీ గుర్తుపట్టలేదు.

జవాబు: యాప్ చెప్పింది నిజమే, పేరు పెట్టినవాళ్లను అనాలి. దాని పొట్ట మీద ఎరుపు లేత ఛాయ మాత్రమే. మాను కరుచుకుని ఉన్నప్పుడు అదీ కనబడదు. తల మీది ఎరుపే కంటికి ఆనుతుంది: మగదానికి ముక్కు మొదలు నుంచి మెడ వెనక దాకా, ఆడదానికి మెడ వెనక మాత్రమే. వీపు మీద నలుపు తెలుపు అడ్డచారలుంటాయి. ‘రెడ్-హెడెడ్’ అనేది వేరే. దాని తల, మెడ మొత్తం ఎర్రరంగు డబ్బాలో ముంచి తీసినట్టుంటాయి, వీపున చారలుండవు. ఒకవేళ మీ పిట్ట పిచ్చుకంతే ఉంటే మాత్రం హౌస్ ఫించ్ మగది కావచ్చు. అది పడమటి అమెరికా పిట్ట. 1940లో న్యూయార్క్ దగ్గర పంజరాల నుంచి వదిలేస్తే తూర్పంతా పాకింది. దాని ఎరుపు తిండి నుంచి వచ్చేది కాబట్టి కొన్ని మగ పిట్టలు నారింజ, పసుపు రంగుల్లో కూడా ఉంటాయి.

గుంటూరు సమస్య చిన్నది. మీ ఫోన్‌లో ఉన్నది అమెరికా బర్డ్ ప్యాక్, అంటే అక్కడి పిట్టల సమాచారం ఒక్కటే. యాప్ సెటింగ్స్‌లోకి వెళ్లి ఇండియా ప్యాక్ కూడా వేసుకోండి. విమానం ఎక్కకముందే ఇంటి వైఫైలో చేసుకుంటే నయం. తర్వాత నెట్ లేని పొలంలోనూ పనిచేస్తుంది.

ప్రశ్న: చెరువు గట్టున కంటి ముందు ఎర్రటి తోలు వేలాడే పిట్ట ఉంది. రాత్రిళ్లు అరుస్తుంది. మెర్లిన్‌లో అరుపు విని పేరు చెప్పే సౌండ్ ఐడీతో దాని అరుపులు రికార్డు చేస్తుంటే ఫోన్ నిండిపోతోంది.
- ఓ డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: అది తీతువు, రెడ్-వాటిల్డ్ ల్యాప్‌వింగ్. ఆ తోలు పసుపు రంగులో ఉంటే దాని చుట్టం, ఎల్లో-వాటిల్డ్. తీతువు అరిస్తే కీడని మీ ఇంట్లోనూ అంటుండొచ్చు. నేల మీద గుడ్లు పెట్టే పిట్ట, గుడ్ల దగ్గరకు కుక్కో మనిషో వస్తే అరవక ఏం చేస్తుంది? సౌండ్ ఐడీ ప్రతి రికార్డింగ్‌ను ఫోన్‌లోనే దాస్తుంది, అదీ కుదించకుండా. అందుకే బరువు. యాప్‌లో సేవ్ అయిన రికార్డింగ్స్ జాబితా తెరిచి, పనికొచ్చే అర నిమిషం ముక్క ఉంచుకుని మిగతావి తీసేయండి. వాడని ప్రాంతాల ప్యాక్‌లు ఉంటే అవీ తొలగించండి.

ఇదే ఉత్తరంలో అరుపును బ్లూటూత్ స్పీకర్‌లో వినిపించి పిట్టను పిలవొచ్చా అని కూడా అడిగారు. వద్దు. ఇంకో తీతువు తన జాగాలోకి వచ్చిందనుకుని గుడ్లు వదిలేసి కొట్లాటకు వస్తుంది. ఆ అరుపులు ఇయర్‌ఫోన్స్‌లో వినండి చాలు.