మీ మేనత్త ప్రశ్న

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. రొమ్ము క్యాన్సర్ మీద, జన్యువుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి పేజీ బాగుంది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మీ మేనత్త "నేనేం తప్పు చేశానే?" అని నిన్ను అడిగిన చోట చదవడం ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

మూడో పేజీకొచ్చేసరికి కోపమొచ్చింది. "మన జన్యువుల స్విచ్ మన చేతుల్లోనే ఉంది. తిండి, నిద్ర, ఆలోచనలు మార్చుకుంటే క్యాన్సర్ జన్యువులు ఆగిపోతాయి" అని రాశావు. ఇది ఆవిడ చదివితే ఏమనుకుంటుంది? నేనేం తప్పు చేశానని అడిగితే, తిండి, నిద్ర, ఆలోచనలు అన్నీ తప్పేనని మేనకోడలు అచ్చులో జవాబిచ్చిందనుకుంటుంది.

జబ్బు గురించి రాసే ప్రతి వాక్యమూ ఆ జబ్బున్న మనిషి చదువుతుందనుకునే రాయాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం రాయొద్దు, వాళ్లు పేజీ తిప్పేస్తారు. ఆస్పత్రి వరండాలో రిపోర్టు కోసం కూర్చున్న మనిషి మాత్రం ఒక్క మాట కూడా వదలకుండా చదువుతుంది. ఆమె ముందు నిలబడని వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టేయాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడలేదు, నిన్నూ పడనివ్వను.

నిజంగా ఏం జరుగుతుందో రాయి. బీఆర్‌సీఏ1 జన్యువు సంగతే తీసుకో. తెగిన డీఎన్‌ఏను అతికించే పనిలో ఉండే ప్రొటీన్ దాని నుంచి తయారవుతుంది. 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం అది 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించింది, 1994లో జన్యువే దొరికింది. పుట్టుకతో అందులో లోపమున్న కుటుంబాల కథ నువ్వు రాశావు. కానీ వంశంలో వచ్చిన లోపం వల్ల కలిగే రొమ్ము క్యాన్సర్లు మొత్తంలో అయిదు నుంచి పది శాతమే. మిగతావాళ్లలో కొందరికి ఈ జన్యువులో ఒక్క అక్షరం కూడా చెడదు. జన్యువు మొదట్లో ఉండే ప్రొమోటర్ భాగానికి మిథైల్ గుంపులనే చిన్న రసాయన గుర్తులు అంటుకుంటాయి. దాంతో కణం ఆ జన్యువును చదవడం మానేస్తుంది. ప్రొటీన్ తయారుకాదు, తెగిన డీఎన్‌ఏ సరిగ్గా అతకదు. హార్మోన్ గ్రాహకాలైన ఈఆర్, పీఆర్ గానీ, ఎక్కువైన హెర్2 ప్రొటీన్ గానీ కనిపించని ట్రిపుల్ నెగెటివ్ రకంలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు చూసింది ఇంకొకటి. క్యాన్సర్ కణాల్లో చాలా చోట్ల మిథైల్ గుంపులు తగ్గిపోయాయి. ఒకే కణంలో ఒకచోట తగ్గుతాయి, మరోచోట పేరుకుంటాయి. కణం విడిపోయిన ప్రతిసారీ ఈ గుర్తుల్ని డీఎన్‌ఎమ్‌టీ1 అనే ఎంజైమ్ కొత్త కణంలోకి దించుతుంది. ఇందులో మీ మేనత్త చేయి ఎక్కడుంది?

మద్యం, మెనోపాజ్ తర్వాత పెరిగే బరువు రిస్కును పెంచుతాయి. అది తప్పకుండా రాయి. అయితే అది వేలమందిని కలిపి కట్టిన లెక్క అనీ, ఫలానా మనిషికి జబ్బు ఎందుకొచ్చిందో అది చెప్పదనీ పక్కనే రాయి.

బొచ్చు రంగును మార్చే అగూటి జన్యువున్న ఎలుకల ప్రయోగం ఇష్టంగా రాశావు. 2003లో అమెరికాలో వాటర్‌లాండ్, జర్టిల్ అనే శాస్త్రవేత్తలు గర్భంతో ఉన్న ఎలుకలకు ఫోలిక్ యాసిడ్, బీ12 లాంటివి ఎక్కువగా పెడితే ఆ జన్యువు మీద మిథైల్ గుంపులు పెరిగి పిల్లల బొచ్చు రంగు మారింది. నీ రెండో పేరాలో ఆ ఎలుకలు మాయమై "తల్లి తిండితో బిడ్డ జన్యువులు మారతాయి" అని మిగిలింది. ఇక్కడ నా పాత గాయం ఒకటి కెలికావు. ఈ ప్రయోగం గురించే ఒక ఆదివారం అనుబంధానికి రాశాను. జాగా చాలలేదని ఎడిటర్ "ఎలుకల్లో" అన్న మాట తీసేసి, పైన విటమిన్‌తో జన్యువుల మరమ్మతు అని హెడ్డింగ్ పెట్టాడు. తర్వాత ఒకావిడ నుంచి కార్డు వచ్చింది. చెల్లెలికి కీమో నడుస్తోందట, ఆ విటమిన్ రోజుకు ఎన్ని వేయాలని అడిగింది. సవరణ వేయమని ఆఫీసుకెళ్తే "పాఠకులకు అంత వివరం అక్కర్లేదండీ" అన్నాడు. ఆ కార్డుకు జవాబు నేనే రాశాను, ఆ పేపరుకు రాయడం మానేశాను. అద్దెకు ఆ డబ్బే ఆధారం, కొన్నాళ్లు ట్యూషన్లు చెప్పుకున్నాను. ఇప్పుడైతే హెడ్డింగులోనే "అయిదు చిట్కాలు" అని పెట్టమంటున్నారు. పెట్టకు.

ఆకుకూరల పేరా కూడా తీసెయ్. ఆకుకూరల్లోని ఫోలేట్ నుంచి మిథైల్ గుంపులు వస్తాయన్నది నిజమే, ఫోలిక్ యాసిడ్ దాని తయారీ రూపమే. కానీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ గుర్తు తెచ్చుకో. అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, ఆ ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. రొమ్ము క్యాన్సర్ కీమోలోకి వెళ్లింది రెండోది. ఫోలేట్ ఎంత ఎక్కువైతే అంత మేలు అని రాసేవాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గరైనా ఆగాలి.

మందుల భాగంలో ఆశ ఒక్కటే రాశావు. కణం జన్యువులను చదివే తీరును మార్చే ఎంటినోస్టాట్ అనే మందు మీద చాలా ఆశలుండేవి. ఆరు వందలమందికి పైగా రోగులతో చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి, ఆయుష్షు పెరగలేదు. అదే కోవకు చెందిన టుసిడినోస్టాట్‌కు రొమ్ము క్యాన్సర్ కోసం చైనాలో 2019లో అనుమతి దొరికింది. హార్మోన్ మందుతో కలిపి ఇస్తే జబ్బు ముదరకుండా ఉన్న కాలం 3.8 నెలల నుంచి 7.4 నెలలకు పెరిగింది. రెండూ రాయి, నెలలతో సహా రాయి. వరండాలో కూర్చున్న మనిషికి ఆ నెలలు కావాలి.

కలం పేరు గురించీ, పుస్తకం గురించీ అడిగావు. అవి తర్వాత చూద్దాం.

నీ వ్యాసం చివర్లో డచ్ కరువు పేరా ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువది. 1944-45 చలికాలంలో తల్లి కడుపున పడ్డవాళ్లలో ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ తేడా కనబడిందని 2008లో తేల్చారు. గొప్ప పరిశోధనే, కానీ ఆ పని రొమ్ము క్యాన్సర్ గురించి చేసింది కాదు. దాన్ని తీసేసి, బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని ఎందుకు రాస్తారో, వాటిని బట్టి ఏ మందు ఇస్తారో ఒక పేజీ రాయి. అచ్చుకిచ్చే ముందు మీ మేనత్తకు చదివి వినిపించి, ఆవిడ ఎక్కడ ఆపమందో మార్జిన్‌లో గుర్తుపెట్టి నాకు పంపు.