షానన్ ఇండెక్స్ ఎక్కువ వచ్చిన చోటునే కాపాడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మూడు చోట్ల పక్షులను లెక్కపెట్టారు, డబ్బులు రెండు చోట్లకే సరిపోతాయి, షానన్ ఇండెక్స్ (ఒక చోట జీవ వైవిధ్యం ఎంతో ఒక్క అంకెలో చెప్పే లెక్క) ఎక్కువ వచ్చిన రెండింటినీ ఎంచుకుంటే సరిపోతుందా అని. సరిపోదండీ. నేను సరిగ్గా ఆ పనే చేయబోయి, ఆఖరి నిమిషంలో ఆగాను.

మా దగ్గరా మూడే ఉండేవి. వాగు పక్కన దట్టమైన అడవి, పొలాల అంచున తుప్పలు, ఒక గడ్డి మైదానం. లెక్క వేస్తే తుప్పలు ఫస్ట్, గడ్డి మైదానం లాస్ట్. రిపోర్టులో అలాగే రాసేశాను కూడా. ఎందుకో అనుమానం వచ్చి నోట్‌బుక్ తిరగేస్తే తుప్పల పేజీ నిండా కాకులు, గోరింకలు, పావురాలు, పిచ్చుకలు. మనుషులున్న చోటల్లా కనబడేవే. ఇంచుమించు సమాన సంఖ్యలో ఉన్నాయి కాబట్టి ఇండెక్స్ పెరిగింది, అంతే. గడ్డి మైదానం పేజీలో పేర్లు తక్కువే కానీ, వాటిలో సగం మిగతా రెండు పేజీల్లో ఎక్కడా లేవు. అక్కడ నడుస్తుంటే చివరిదాకా కదలకుండా కూర్చుని, కాలు పడబోయే ముందు బుర్రుమని లేచే పూరేడు పిట్టలు, నేల మీదే గూడు పెట్టుకునే చిన్న గోధుమరంగు పిట్టలు. గడ్డి పోతే వాటికి ఇంకో చోటు లేదు.

ఈ ఫార్ములాను క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతం కోసం రాశాడు. దానికి కాకి, పూరేడు తేడా తెలియదు. ఎన్ని రకాలున్నాయి, ఎంత సమానంగా పంచుకున్నాయి, ఈ రెండే చూస్తుంది. పైగా 2.3, 0.5 లాంటి అంకెలు చెబితే వినేవాళ్లకు ఏమీ ఎక్కదు. ఎక్సెల్‌లో ఆ అంకెకు ఈఎక్స్‌పీ ఫంక్షన్ వేయండి (షానన్ లెక్క సహజ సంవర్గమానంతో చేసి ఉంటేనే). అప్పుడు వచ్చేది 'సమానంగా ఉన్న జాతులు ఎన్నింటితో సమానం' అన్న లెక్క. పది జాతులు, ఒక్కోటి పదేసి పక్షులు ఉంటే షానన్ విలువ 2.30, ఈఎక్స్‌పీ వేస్తే 10. అవే పది జాతులు, వంద పక్షుల్లో 91 ఒకే జాతివి, మిగతా తొమ్మిది ఒక్కొక్కటే అయితే 0.50, అంటే దాదాపు 1.65 జాతులు. వీటినే హిల్ నంబర్లు అంటారు.

ఇండెక్స్ కంటే ముందు ఇంకో సంగతి చూసుకోండి. మూడు చోట్లా శ్రమ సమానంగా పెట్టారా? మొదటి ఏడాది మేం దారి బాగున్న చోటికి పన్నెండు ఉదయాలు వెళ్లి, వాగు దాటాల్సిన చోటికి నాలుగే వెళ్లాం. అదీ ఎండెక్కాక. ఇంకేముంది, అడవిలో పక్షులే లేవన్నట్టు వచ్చింది. సీజన్ మొత్తం వేస్ట్. ఇప్పటికే అలా జరిగిపోయి ఉంటే, ఎక్కువ తిరిగిన చోటి లెక్కను తక్కువ తిరిగిన చోటి స్థాయికి కుదించి పోల్చే రేర్‌ఫాక్షన్ పద్ధతి ఉంది. కానీ ఎండ వేళ చూసిన తేడాను అదీ సరిచేయలేదు.

చూడకుండా మిగిలిపోయినవి ఎన్ని ఉండొచ్చో అంచనాకు చావో1 చాలా సులువు. ఒక్కసారే కనబడిన జాతుల సంఖ్యను దానితోనే గుణించి, రెండుసార్లు కనబడిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగించండి. దాన్ని చూసిన జాతులకు కలపండి. 34 జాతులు చూశారు, వాటిలో 8 ఒక్కసారే, 4 రెండేసిసార్లు కనబడ్డాయి అనుకుందాం. 64ను 8తో భాగిస్తే 8, మొత్తం 42. ఇది కనీస అంచనా మాత్రమే, నిజంలో ఇంకా ఉండొచ్చు. గ్యాప్ బాగా పెద్దగా ఉంటే నిర్ణయం ఆపి మళ్లీ కొన్ని ఉదయాలు వెళ్లడం నయం.

ఇక ఎంపిక. ఇక్కడ చూడాల్సింది ఒక్కో చోటి మార్కులు కాదు, జంటగా ఏం వస్తుందన్నది. మొదటి చోట 40 జాతులు అనుకుందాం. రెండో చోట 35, వాటిలో 32 మొదటి చోటా ఉన్నవే. మూడో చోట 18 మాత్రమే, కానీ 11 ఇంకెక్కడా లేవు. ఒకటి, రెండు కాపాడితే 43 జాతులు. ఒకటి, మూడు కాపాడితే కనీసం 51. చోటుకీ చోటుకీ మధ్య ఉండే ఈ తేడానే పర్యావరణ శాస్త్రవేత్త విటేకర్ 1960లో బీటా వైవిధ్యం అన్నాడు. మార్గ్యూల్స్, ప్రెస్సీ 2000లో రాసిన సంరక్షణ ప్రణాళిక పద్ధతికి గుండెకాయ కూడా ఈ ఆలోచనే. చోట్లు పదులు, వందల్లో ఉంటే మార్క్సాన్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాలి. మూడింటికి కాగితం, పెన్ను చాలు. దాని మీద ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) రెడ్ లిస్ట్‌లో ప్రమాదంలో ఉన్నవాటికి ఒక గుర్తు పెట్టుకోండి. రెండు జంటలు సమానంగా వచ్చినప్పుడు అదే తేలుస్తుంది.

మేం చివరికి వాగు అడవి, గడ్డి మైదానం అని రాశాం. 'ఖాళీ నేలకు డబ్బులేంటి?' అని మీటింగ్‌లో ఒకాయన గట్టిగానే అడిగారు. ఇండెక్సులన్నీ పక్కన పెట్టి, మూడు పేజీల్లో ఒక్క చోటే ఉన్న పేర్లకు ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి చూపించాను. తుప్పల పేజీలో రెండే గీతలు. ఆ తర్వాత ఆయన గడ్డిని ఎప్పుడు కోస్తారు, గూళ్లు పెట్టే నెలలు ఏవి అని అడగడం మొదలుపెట్టారు.

మీ పట్టిక ఇక్కడ పెట్టగలిగితే పెట్టండి. మొత్తాలు కాదు, జాతుల పేర్లతో. ఏ చోటికి ఎన్ని ఉదయాలు, ఏ టైముకి వెళ్లారో కూడా రాయండి, అవి లేకుండా నేనేం చెప్పినా ఊహే అవుతుంది.