అక్కకు చెప్పకుండా ఎన్నాళ్ళు?

ప్రశ్న (2020 మే, కరోనా లాక్‌డౌన్ రోజులు): మాది హిందూపురం. పదేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. కిందటేడు జూన్‌లో డీ-అడిక్షన్ సెంటర్‌లో మూడు వారాలు ఉండి తాగుడు మానేశాను. పదకొండు నెలలైంది. ఉగాదికి ముందు కంటి పరీక్షకని వచ్చిన మా బావగారు లాక్‌డౌన్‌తో మా ఇంట్లోనే ఉండిపోయారు. మద్యం షాపులు మూసి ఉన్నన్నాళ్ళూ బాగానే ఉన్నారు. మే 4న తెరిచినప్పటి నుంచి రోజూ సాయంత్రం హాల్లో సీసా తెరుస్తున్నారు. నేను ఐసు తెచ్చిస్తాను, నా భార్య పల్లీలు వేయిస్తుంది. నన్నూ కూర్చోమంటారు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె భర్తను ఏమనగలను? నేను సెంటర్‌లో ఉన్న సంగతి అక్కకు తెలియదు, కామెర్లని చెప్పాం. జీతంలో కోత పడింది. తాగుడు మానినవాళ్ళు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) ఆదివారం మీటింగులు ఆగిపోయాయి. టెన్షన్ తట్టుకోవడానికి ఏ ప్రాణాయామం, ఎన్ని నిమిషాలు చేయాలి? మాత్రలేమైనా ఉన్నాయా?

జవాబు: ప్రాణాయామం పొద్దున పది నిమిషాలు చేసుకోండి, మంచిదే. హాల్లో సీసా ఉండగా అది మిమ్మల్ని కాపాడదు. మాత్రలంటారా, మీ డాక్టరు చూసి రాస్తే తప్ప ముట్టుకోవద్దు. తాగుడు మానినవాళ్ళు ఆల్ప్రజోలమ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలకు త్వరగా అలవాటు పడతారు.

ఉత్తరమంతా బావగారి గురించే రాశారు గానీ, మీ నోరు కట్టేస్తున్నది అక్క. ఆవిడ దగ్గర మంచి తమ్ముడిగా మిగలాలని కామెర్ల కథ అల్లారు. కామెర్లు తగ్గి ఏడాది కావస్తోంది, ఇంకా పథ్యమేమిటని బావగారు గ్లాసు ముందుకు జరుపుతున్నారు. ఆయనలో దురుద్దేశం కనిపించడం లేదు. ఆయనకు తెలియదు, తెలియనివ్వనిది మీరు.

పెంచిన అక్కకు రుణపడి ఉన్నానంటున్నారు. ఉండాలి. ఆవిడ భర్త గ్లాసులో ఐసు వేస్తే ఆ రుణం తీరదు. అల్లుడికి మర్యాద చేయడం మన ఇళ్ళలో తప్పదు, తప్పకూడదని నేనూ అంటాను. వేళకు భోజనం, మంచి పడక, ఎదురు మాట్లాడకపోవడం వరకూ అది మర్యాద. మిమ్మల్ని మూడు వారాలు సెంటర్‌లో పెట్టి ఇల్లు నడిపిన భార్య చేత అదే తాగుడుకు పల్లీలు వేయించడం ఎవరికి మర్యాద? ఆ వాక్యం చదివితే నాకు కోపం వచ్చింది.

రేపు మధ్యాహ్నం అక్క వంట ముగించుకుని తీరిగ్గా ఉన్న వేళ చూసి ఫోన్ చేయండి. స్పీకర్‌లో పెట్టకండి, భార్య చేత మాట్లాడించకండి. "అక్కా, కిందటేడు నాకొచ్చింది కామెర్లు కాదు. తాగుడు మానడానికి ఆసుపత్రిలో చేరాను. నీ దగ్గర దాచాను. ఇప్పుడు ఇంట్లో మందు ఉంటే నేను మళ్ళీ పడిపోతాను." ఇంతే చెప్పండి. బావగారి మీద ఫిర్యాదు కలపకండి. ఏడుస్తుంది, తిడుతుంది, ఆ హక్కు ఆవిడది. మర్నాడు పొద్దున్నే, కాఫీ వేళ, బావగారికి చెప్పండి. సాయంత్రం గ్లాసు ముందు ఈ మాట ఎత్తితే గొడవే మిగులుతుంది. "బావా, ఎన్నాళ్ళయినా ఉండండి. సీసా మాత్రం ఇంట్లో వద్దు." మేడమీద తాగుతాను, గదిలో తాగుతాను అంటే ఒప్పుకోవద్దు. వాసన చాలు మీకు. నొచ్చుకుని వెళ్ళిపోతానంటే కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైట్ సేవా సింధులో ప్రయాణ పాసుకు మీరే దరఖాస్తు పెట్టి, కారు మాట్లాడి, గౌరవంగా పంపండి.

ఒక్కసారిగా ఆపితే ఆయనకేమైనా అవుతుందేమోనన్న భయం మీకు రావచ్చు, సెంటర్‌లో చూసి ఉంటారు. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఆపితే మొదటి 24 గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పి లేనివి కనిపించడం రావచ్చు. అది ప్రాణాంతకం, ఆసుపత్రిలో చూడాల్సిన స్థితి. మీ బావగారు ఉగాది నుంచి మే 3 దాకా 40 రోజులు చుక్క లేకుండా బాగానే ఉన్నారని మీరే రాశారు. కాబట్టి ఈ కొద్ది రోజుల అలవాటు ఆపితే అంత ప్రమాదం రాకపోవచ్చు. చెయ్యి వణికితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇక మీ సాయంత్రాలు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ తాగాలనే యావను రెచ్చగొడతాయి. అయిదున్నరకే గుగ్గిళ్ళో ఉప్మానో కడుపునిండా తిని మజ్జిగ తాగండి. ఖాళీ కడుపుతో ఏడింటి దాకా ఉంటే సగం ఓడినట్టే. లాక్‌డౌన్‌లో ఏడు తర్వాత వీధిలో తిరగనివ్వడం లేదు కనుక మేడమీద అరగంట నడవండి. యావ పుట్టినప్పుడు గడియారం చూసుకోండి. మామూలుగా పదిహేను నుంచి ముప్పై నిమిషాల్లో అది పెరిగి, తగ్గిపోతుంది. ఆ అరగంట మీ స్పాన్సర్‌తో, అంటే ఏఏలో మీకు తోడుండే పాత సభ్యుడితో, ఫోన్‌లో ఉండండి. ఏఏ మీటింగులు జూమ్‌లో నడుస్తున్నాయి, కెమెరా ఆపుకునే వినవచ్చు. కరోనా లెక్కలు పొద్దున ఒక్కసారి చూస్తే చాలు. జీతం కోతకు భార్యతో కూర్చుని అద్దె, ఫీజులు, ఈఎంఐ కాగితం మీద రాసుకోండి.

డైసల్ఫిరామ్ (ఆల్కహాల్ ఒంటికి పడకుండా చేసే మాత్ర) వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే ఇంట్లో శానిటైజర్ వద్దు, సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. బయట తప్పనిసరై రాసుకుంటే పూర్తిగా ఆరేదాకా చేతులు ముఖం దగ్గరికి తేవద్దు. కొన్ని మౌత్‌వాష్‌లలో, దగ్గు మందుల్లో ఆల్కహాల్ ఉంటుంది, లేబుల్ చదవండి. ఇమ్యూనిటీ కోసమని ద్రాక్షారిష్టం లాంటివి తాగకండి. అరిష్టాలు, ఆసవాలన్నీ పులియబెట్టినవే. మాత్ర ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చు. ఆ లోపు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోవచ్చు. అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఒకవేళ ఎప్పుడైనా తాగేస్తే ఆ రాత్రే భార్యకు చెప్పండి. ఇంకో కామెర్ల కథ వద్దు. పాత మోతాదును మీ ఒళ్ళు ఇప్పుడు తట్టుకోదు, అందుకని 'ఎలాగూ తప్పాను కదా' అని సీసా ఖాళీ చేయకండి. మర్నాడు సెంటర్‌కు ఫోన్ చేయండి. అక్కడ దొరక్కపోతే బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. లాక్‌డౌన్‌లోనూ ఆసుపత్రికి వెళ్ళవచ్చు, పాత డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి.