‘నేవరీ’ అంటే లంగతనమేనా?

ప్రశ్న: మా తాత చదువుకున్న పాత ఇంగ్లీష్ రీడర్‌ల ‘నేవరీ’ అనే మాట కనిపించింది సార్, డిక్షనరీల చూస్తే డిసానెస్టీ అని ఒక్క ముక్క రాసి ఊకున్నరు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయితున్న, కరప్షన్ మీద ఎస్సేల ఫ్రాడ్‌కు బదులు ఇది వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: వాడకు తల్లీ. అర్థం తప్పని కాదు, ‘బ్యాంక్ నేవరీ’ అని రాస్తే పేపర్ దిద్దే సార్‌కు నవ్వొస్తది. స్పెల్లింగ్‌ల ముందుగాల కె ఉంటది గని నోట్లకు రాదు, నైఫ్, నాలెడ్జ్ లెక్కనే.

ఇది ‘నేవ్’ నుంచి వచ్చింది. వెనకటి ఇంగ్లీష్‌ల నేవ్ అంటే ఉత్త పోరడు, జర్మన్‌ల ‘క్నాబె’ అంటే ఇప్పటికీ పిలగాడే. తర్వాత పనికి పెట్టుకున్న పోరడు అయ్యిండు, ఆఖరికి మోసగాడు అయ్యిండు, ఈ మార్పు చేసింది జీతగాళ్లను పెట్టుకున్న దొరలే అని నాకైతే అనుమానం, ఎందుకంటే ‘విలన్’ సంగతి కూడా గంతే, మొదట్ల దొర భూమి దున్నుకునే పల్లెటూరోడు. పేకల జాకీని కూడా నేవ్ అనేటోళ్లు, ముక్క మూలకు వేసే కెఎన్, కింగు కె ఒక్కతీరు కనిపించి తికమక అయితుందని 19వ శతాబ్దంల జె పెట్టిర్రు.

ఇగ వాడుక. ఫ్రాడ్ అంటే నేరం యాదికొస్తది, నేవరీ అంటే మనిషి బుద్ధి యాదికొస్తది. పల్లీ బస్తా కాంట మీద పెట్టినంక దళారి మోకాలు ఆనిచ్చి బస్తాను జరంత పైకి లేపి పట్టి, పైనుంచి ‘నీ సరుకే తేలికున్నది పెద్దాయనా’ అని జాలి పడతడు చూడు, అది అసలైన నేవరీ. మన దిక్కు మాటల్ల ‘లంగతనం’ దీనికి బాగ దగ్గర, పెద్దోళ్ల ముందట మాత్రం అనకు. ‘తొండి’ అంటే సరిపోదు, అది గోలీలాటల మాట.

‘ఎ నేవరీ’ అనరు, ‘యాక్ట్ ఆఫ్ నేవరీ’ అంటరు. కేసుల, కోర్టు కాగితాలల్ల ఇది పనికిరాదు. చట్టంల ‘డిసానెస్ట్లీ’ అంటే ఒకరికి అన్యాయంగ లాభమో ఇంకొకరికి నష్టమో చెయ్యాలనే ఉద్దేశంతోని అని తేటగ రాసి పెట్టిర్రు. చీటింగ్ సెక్షన్ 420 కూడా 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహితల 318 అయ్యింది, మనోళ్లు మాత్రం ఇంకా ‘ఫోర్ ట్వంటీ గాడు’ అనే తిడుతున్నరు.

ఎస్సేకు ఫ్రాడ్, డిసానెస్టీ చాలు. కథనో, ఎవరి మీదనన్న వెటకారమో రాసినప్పుడు నేవరీ పెట్టు, అక్కడ మస్తు కుదురుతది.